టామీ పాట జెస్సికా గొంతులో

విజయవాడ

ఒరేయ్ మూర్తీ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు రాయనిది బద్ధకం వల్ల అనుకుంటున్నావేమో, ఈసారి నిజంగానే పనిలో మునిగి ఉన్నాను. ఆ పని పేరు టీవీ చూడటం. నవ్వకు, సంగతి నీకు సంబంధించినదే.

మా అమ్మాయి 'జార్జ్ అండ్ టామీ' అనే అమెరికా సిరీస్ పెట్టి, "నాన్నా, పాటలవాళ్ల కథ, చూడు" అని తన గదిలోకి వెళ్లిపోయింది. 2022లో వచ్చింది, ఆరే భాగాలు. కంట్రీ అని అక్కడివాళ్లు పిలిచే పల్లె బాణీ సంగీతంలో మహారాజు, మహారాణి అనిపించుకున్న జార్జ్ జోన్స్, టామీ వైనెట్‌ల కథ. మొదటి భాగం సగంలో నువ్వు గుర్తొచ్చావు. 1997లో 'అన్నమయ్య' చూసి నడుచుకుంటూ వస్తూ మనం పడ్డ గొడవ గుర్తుందా? "పాడినవాడు బాలు, కన్నీళ్లు పెట్టినవాడు నాగార్జున, మరి అన్నమయ్య ఎవడురా?" అని నడివీధిలో నిలదీశావు. నాకు ఆ ప్రశ్నే అర్థంకాలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి తెర మీద ఒకరు, తెర వెనక ఒకరు అన్న ఏర్పాటుకు అలవాటు పడ్డ చెవులు మనవి. నువ్వు నాగయ్యను తెచ్చావు. 1946లో 'త్యాగయ్య'కు దర్శకుడూ ఆయనే, త్యాగయ్యా ఆయనే, పాడిందీ ఆయనే. నాగయ్యలాంటివాడు నూటికో కోటికో ఒక్కడు, ఆయన్ని చూపించి అందరినీ కొట్టకు అన్నాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, సగం నీదే గెలుపు. మిగతా సగం సంగతి తర్వాత.

ముందు మనుషుల గురించి చెప్పాలి. టామీ అసలు పేరు వర్జీనియా వైనెట్ ప్యూ. 1942లో మిసిసిపీలో పుట్టింది, పత్తి చేలల్లో పనిచేస్తూ పెరిగింది. జుట్టు దువ్వి అలంకరించే పని నేర్చుకుని లైసెన్సు తీసుకుంది. పెద్ద గాయని అయ్యాక కూడా ఏటేటా ఆ లైసెన్సును రెన్యువల్ చేయించుకునేదట, పాట ఎప్పుడు చెయ్యి వదిలేస్తుందో ఎవరికి తెలుసు అని. ఈ ఒక్క వివరానికే నేను ఆవిడ పక్షం వహించేశాను. టామీ అన్న పేరు, కంట్రీ పాటలకు కేంద్రమైన నాష్‌విల్‌లో రికార్డుల నిర్మాత బిల్లీ షెరిల్ పెట్టాడు. 1968లో వాళ్లిద్దరూ కలిసి స్టూడియోలో పావుగంటలోనో, ఇరవై నిమిషాల్లోనో రాసేసిన పాటే 'స్టాండ్ బై యువర్ మ్యాన్'. నీ మగవాడికి అండగా నిలబడు అని దాని సారాంశం. స్త్రీవాదులు దుమ్మెత్తిపోశారు. తమాషా ఏమిటంటే అది పాడిన ఆవిడకు మొత్తం ఐదు పెళ్లిళ్లు.

అందులో మూడోవాడు జార్జ్ జోన్స్. అతనికీ ఆవిడ మూడో భార్యే. 1969లో పెళ్లి, 1975లో విడాకులు. టెక్సాస్‌వాడు, మహా తాగుబోతు. భార్య కారు తాళాలన్నీ దాచేస్తే గడ్డి కోసే యంత్రం ఎక్కి, దాన్నే నడుపుకుంటూ మందు దుకాణానికి వెళ్లిన ఘనుడు. కచేరీలు ఒప్పుకుని ఎగ్గొట్టీ ఎగ్గొట్టీ 'నో షో జోన్స్' అనే బిరుదు సంపాదించాడు. మన సురభివాళ్ల నాటకానికి కృష్ణుడు రాకపోతే జనం ఊరుకునేవారా చెప్పు!

ఇక అసలు విషయం. టామీగా జెస్సికా చాస్టెయిన్, జార్జ్‌గా మైకేల్ షానన్ వేశారు. ఇద్దరూ ప్రధానంగా నటులే. అయినా రికార్డులు పెట్టి పెదవులు ఆడించలేదు, శిక్షకుడి దగ్గర నేర్చుకుని సొంత గొంతుతోనే పాడారు. ఆ సంగీతాన్ని నడిపించినవాడు టీ బోన్ బర్నెట్, 2005లో కంట్రీ గాయకుడు జానీ క్యాష్ కథతో వచ్చిన సినిమాకు కూడా నటులచేతే పాడించింది ఆయనే. అక్కడ ఇదో పాత తగవు. 1980లో గాయని లొరెట్టా లిన్ కథతో వచ్చిన సినిమాలో నటి సిస్సీ స్పేసెక్ తానే పాడి ఆస్కార్ తెచ్చుకుంది. ఐదేళ్లకు మరో గాయని పాట్సీ క్లైన్ కథలో నటి జెస్సికా లాంగ్ మాత్రం పాట్సీ అసలు రికార్డులకే పెదవులు కలిపింది. అంటే మన పద్ధతే అన్నమాట.

చాస్టెయిన్ గొంతు టామీ గొంతు కాదు. టామీ పాటలో పై స్థాయికి వెళ్లేచోట ఒక ఏడుపు జీర ఉంటుంది, అది నేర్చుకుంటే వచ్చేది కాదు. కానీ ఈవిడ పాడేటప్పుడు ఒకటి కనిపించింది. పై స్వరం అందుకోబోయే ముందు మెడ నరం బిగుస్తుంది, కళ్లలో చిన్న బెదురు కదులుతుంది, అందుకున్నాక భుజాలు దిగుతాయి. అది నటన అనుకున్నాను. కాదురా, అందుతుందో లేదో అన్న భయం ఆవిడదే. ఆ భయమే టామీదిగా చెల్లిపోయింది. పెదవులు ఆడించేవాళ్లకు తప్పిపోతానన్న భయం ఎక్కడిది? రికార్డు ఎప్పుడూ తప్పదు కదా! నువ్వు పద్యనాటకాల్లో హార్మోనియం వాయిస్తూ, రాగం ఎత్తుకోబోయే నటుడి ముఖం చూసి శ్రుతి సర్దేవాడివి. నువ్వు ఆ రోజు చెప్పబోయింది ఇదే అనుకుంటాను. కాకపోతే అరిచి చెప్పావు, అందుకే ఎక్కలేదు.

షానన్ ఇంకా తెలివైనవాడు. జోన్స్‌ను అనుకరించే ప్రయత్నమే పెద్దగా చేయలేదు. ఇద్దరూ ఒకే మైకు ముందు నిలబడి పాడుతుంటే, ఒకరి ఊపిరి కోసం ఒకరు ఆగడంలో కాపురమంతా తెలిసిపోతుంది. మా ఆవిడ కాసేపు చూసి, "ఇందాకే కదా కొట్టుకున్నారు, మళ్లీ ఎలా పాడుతున్నారు?" అంది. అప్పటి అమెరికా శ్రోతలదీ ఇదే కుతూహలం. విడాకులైన మరుసటి ఏడాది, 1976లో, వాళ్లు కలిసి పాడిన 'గోల్డెన్ రింగ్' కంట్రీ పాటల్లో మొదటి స్థానానికి వెళ్లింది. తాకట్టు దుకాణంలో ఒక జంట ఉంగరం కొనుక్కుంటుంది, పెళ్లవుతుంది, చెడుతుంది, ఉంగరం మళ్లీ దుకాణానికే చేరుతుంది. విడిపోయినవాళ్ల చేత ఆ పాట పాడించిన షెరిల్ గుండె ఎంత గట్టిదో!

ఇప్పుడు నా సగం. సిరీస్ అయ్యాక జోన్స్ పాత రికార్డులు వెతికాను. 1980 నాటి 'హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే' విన్నాను. చచ్చేదాకా ప్రేమిస్తానన్నవాడు ఈ రోజు ప్రేమించడం మానేశాడు, అంటే శవం లేచింది. ఇంత చావు పాట ఎవరు కొంటారని జోన్సే విసుక్కున్నాడట. రికార్డింగ్ నెలల తరబడి సాగింది. మధ్యలో పాట ఆపి మామూలుగా మాట్లాడాల్సిన నాలుగు ముక్కలున్నాయి. తాగి కూడా పాడగలిగేవాడు కానీ, ఆ నాలుగు ముక్కలు నాలుక మడత పడకుండా చెప్పలేకపోయేవాడట. పళ్లు బిగించి, ఒక్క అక్షరాన్ని మన గమకంలా వంచి, సాగదీసి, చివర వదిలేస్తాడు చూడు, అది షానన్ కాదు కదా, ఏ నటుడి తరమూ కాదు. అక్కడ మాత్రం బాలునే పిలవాలిరా.

ఒక్క ఫిర్యాదు ఉంది. కథకు ఆధారం వాళ్ల కూతురు జార్జెట్ రాసిన పుస్తకం. అందుకే తండ్రి ఎంత తాగినా చివరికి ముద్దుగానే కనిపిస్తాడు, తల్లి ఆఖరి భర్త జార్జ్ రిచీ మాత్రం మొదటి చూపులోనే దుర్మార్గుడు. అతను 2010లోనే పోయాడు, తన మాట చెప్పుకోవడానికి లేడు. కూతురు తన తండ్రిని అలా చూడటంలో తప్పులేదు. సిరీస్ తీసినవాళ్లు కూడా అలాగే చూడాలా?

వచ్చే నెల మీ ఊరు వస్తున్నాను. నీ హార్మోనియం పెట్టె బూజు దులిపి, పగిలిన మెట్టు బాగుచేయించి ఉంచు. ఈలోగా ఆ చావు పాట విను, ఏ రాగానికి దగ్గరగా ఉందో చెప్పు. నాకు ఒకటి తట్టింది కానీ ముందు నువ్వు చెప్పాలి.

నీ
శేషు