నాన్నగారిని మోసిన చేతులకు వందనాలు

ప్రభువైన యేసుక్రీస్తు నామమున అందరికీ వందనాలు.

ఈ జనవరిలో, సంక్రాంతికి వారం రోజుల ముందు మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. ఆనాటి నుంచి మా కుటుంబానికి తోడుగా నిలిచిన ప్రతి ఒక్కరి ఇంటికీ వెళ్ళి, చేతులు పట్టుకుని కృతజ్ఞత చెప్పుకోవాలని అనుకున్నాను. సగం ఇళ్ళకు వెళ్ళగలిగాను. మిగిలినవారిలో ఆసుపత్రి వరండాలో ఒక్క రాత్రి మాత్రమే కనిపించి మళ్ళీ కనిపించనివారు ఉన్నారు, దూర దేశాలలో ఉండి ప్రార్థించినవారు ఉన్నారు, నాకు పేరు కూడా తెలియనివారు ఉన్నారు. అందుకే ఈ మాటలు అందరూ చూసేచోట రాస్తున్నాను. తమ పేర్లు బయట పెట్టవద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివినప్పుడు ఎవరి పని వారికి తెలుస్తుంది.

మాది ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ నదికి దగ్గరలో ఉన్న చిన్న పల్లె. నాన్నగారికి 71 ఏళ్ళు. మూడెకరాలు కౌలుకు తీసుకుని శనగ వేశారు. ఆ రోజు తెల్లవారుజామున గేదెకు మేత వేయడానికి లేచిన మనిషి కొట్టం గుంజకు ఆనుకుని అలాగే జారిపోయారు. అమ్మ పిలిస్తే పలికారు గానీ మాట ముద్దగా వచ్చింది. చుట్టుపక్కలవాళ్ళు చేరి, పక్షవాతానికి పసరు మందు ఇచ్చే ఊరొకటి ఉంది, తెల్లవారగానే అక్కడికి తీసుకువెళదాం అన్నారు. అది వారు ప్రేమతో అన్న మాటే. అయితే మా వీధి చివర ఉండే ఆశా కార్యకర్త చెల్లెలు పరుగున వచ్చి, నోరు ఒక పక్కకు లాగడం, కుడిచెయ్యి పైకెత్తలేకపోవడం, మాట తడబడటం చూసి, "పెదనాన్నకు ముందు స్కానింగ్ తీయించాలి, మందులూ మాకులూ తర్వాత" అని గట్టిగా చెప్పి, తానే 108కి ఫోన్ చేసి, తానే వాహనం ఎక్కింది. రక్తం గడ్డకట్టి మెదడుకు రక్తం అందని పక్షవాతం అయితే, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలని, నాళం చిట్లి వచ్చినదైతే అదే ఇంజెక్షన్ ప్రాణం తీస్తుందని, ఏది వచ్చిందో తేల్చేది స్కానింగేనని నాకు ఆసుపత్రిలో డాక్టరుగారు చెప్పినప్పుడు తెలిసింది. నాన్నగారికి ఆ ఇంజెక్షన్ మూడు గంటల లోపే పడింది. చెల్లెమ్మా, ఆ తెల్లవారుజామున పదిమంది పెద్దవాళ్ళ మాటకు ఎదురు నిలిచి నువ్వు మాట్లాడావు. మా నాన్న ఈ రోజు నన్ను గుర్తుపడుతున్నారంటే, దేవుడు నీ నోటిని వాడుకున్నందువల్లే.

నేను హైదరాబాదు నుంచి చేరేసరికి మధ్యాహ్నం అయింది. నేను వచ్చేవరకు ఆయన మంచం పక్కన నిలబడి ఉన్నది మా వీధి ఆటో అన్న. ఆయన మసీదుకు వెళ్ళే మనిషి. ఆ రోజు శుక్రవారం. నమాజుకు వెళ్ళి రమ్మని అమ్మ ఎంత చెప్పినా, "అమ్మాయి వచ్చేదాకా కదలనమ్మా" అన్నారట. ఆ ఒక్క మాట కోసం ఆయనకు నా జీవితాంతం రుణపడి ఉంటాను.

పదకొండు రోజులకు ఇంటికి పంపారు. కుడి పక్క పూర్తిగా పడిపోయింది, మాట లేదు, మింగుడు పడదు, ముక్కులో గొట్టం. అసలు కష్టం అప్పుడు మొదలైంది. వీపున పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్క మార్చాలని, గొట్టంలో ఆహారం పోసేటప్పుడు తల ఎత్తుగా పెట్టి, పోసిన తర్వాత కూడా అరగంట అలాగే కూర్చోబెట్టాలని నర్సమ్మగారు నాకు, అమ్మకు చేసి చూపించారు. నాన్నగారి బరువు 78 కిలోలు. అమ్మకు 64 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. మొదటి రాత్రి మేమిద్దరం ఆయనను ఒక పక్కకు తిప్పలేక, తిప్పబోయి ఆయన భుజం నొప్పి పుట్టేలా లాగి, ఆయన మూలిగితే మేమిద్దరం మంచం కోళ్ళు పట్టుకుని ఏడ్చాము.

మరునాడు సాయంత్రం మా సంఘ యౌవనస్థులు ఆరుగురు వచ్చారు. ప్రార్థన చేసి వెళతారనుకున్నాను. వారిలో ఒక తమ్ముడు, ప్రైవేటు ఆసుపత్రిలో వార్డుబాయ్‌గా పనిచేసినవాడు, ఒక దుప్పటిని నాలుగు మడతలు వేసి నాన్నగారి నడుము కింద పరిచి, ఇద్దరు చెరొక అంచు పట్టుకుని ఎత్తితే మనిషికి నొప్పి లేకుండా ఎలా తిరుగుతారో చూపించాడు. ఆ రాత్రి నుంచి వంతులు వేసుకున్నారు. రాత్రి పది నుంచి తెల్లవారేవరకు ఇద్దరేసి. ఒక 200 పేజీల రూళ్ళ పుస్తకం కొని మంచం కోడుకు దారంతో కట్టారు. అందులో "12.00 ఎడమ", "2.00 వెల్లకిల", "4.00 కుడి" అని రాసి కింద సంతకం. ఆ పుస్తకం ఇప్పుడు నా ముందు ఉంది. తొమ్మిది మంది చేతిరాతలు ఉన్నాయి. రెండు పేజీల మీద రాగిజావ మరకలు ఉన్నాయి. ఒకచోట, పరీక్షలు రాస్తున్న ఇంటర్ పిల్లవాడు సమయం రాసి, పక్కనే మరిచిపోకుండా ఉండటానికి భౌతికశాస్త్రం సూత్రమేదో రాసుకున్నాడు. అయిదు నెలల్లో నాన్నగారి వీపున ఒక్క పుండు పడలేదు. ఫిజియోథెరపీ చేయడానికి వచ్చిన డాక్టరమ్మ ఆ వీపు చూసి, "ఎవరమ్మా ఈయనను ఇంతలా చూసుకున్నది?" అని అడిగారు.

ఇక్కడ నా మనసులో ఉన్నది ఒకటి చెప్పుకోవాలి. "నీ తండ్రిని నీ తల్లిని సన్మానింపుము" అన్న ఆజ్ఞ సండే స్కూలులో కంఠస్థం చేసిననాటి నుంచి నేను దానిని నెరవేరుస్తున్నాననే అనుకున్నాను. నెలనెలా డబ్బు పంపేదాన్ని, పండుగకు బట్టలు పెట్టేదాన్ని, ఫోనులో "తిన్నారా నాన్నా" అని అడిగేదాన్ని. నిర్గమకాండము 20వ అధ్యాయంలో సన్మానించడం అని మనం చదువుకునే హెబ్రీ మాటకు మూలం బరువు అని మా సంఘ కాపరిగారు ఒక రాత్రి నాన్నగారి మంచం పక్కన కూర్చుని చెప్పారు. తల్లిదండ్రులను బరువైనవారిగా, విలువైనవారిగా ఎంచమని దాని భావమట. ఆయన ఆ మాట చెబుతుండగా నేను దుప్పటి అంచు పట్టుకుని ఉన్నాను, నా చేతుల్లో నాన్న బరువు ఉంది. అంతవరకు ఆ ఆజ్ఞను నేను నాలుకతోనే పట్టుకున్నానని ఆ క్షణాన అర్థమైంది.

నలభై రోజుల ఉపవాస కూడికలకు రాలేకపోతున్నానని నేను బాధపడినప్పుడు కూడా కాపరిగారే నన్ను ఓదార్చారు. దేవునికి అర్పించేశామనే సాకుతో తల్లిదండ్రులకు చేయవలసినది చేయకుండా తప్పించుకునేవారిని ప్రభువు మార్కు 7వ అధ్యాయంలో ఎంత కఠినంగా గద్దించాడో చదివి వినిపించి, "అమ్మా, నీ కూడిక ఈ మంచం దగ్గరే" అన్నారు. ఒక కాపరి తన కూడికకు రావద్దని చెప్పడానికి ఎంత పెద్ద మనసు ఉండాలో నేను ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

స్త్రీల సమాజపు అక్కలకు ఏమని చెప్పను? రోజూ అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం పక్కన వేసి, నెలకొకసారి మందిరానికి తెచ్చే అలవాటు మన సంఘాల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. నేను చిన్నప్పుడు ఆ డబ్బా మోసుకువెళ్ళాను. అదే బియ్యం మా గుమ్మంలోకి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. నాలుగు నెలలు బియ్యం వచ్చాయి. వాటితోపాటు, గొట్టంలో అడ్డుపడకుండా పలుచని గుడ్డలో వడగట్టిన రాగిజావ ప్రతి ఉదయం ఏడింటికల్లా ఒక స్టీలు క్యానులో వచ్చేది. ఆ క్యాను తెచ్చే అక్క కూలికి వెళ్ళే మనిషి. జావ మా ఇంట్లో దించి, అటునుంచి అటే పొలానికి వెళ్ళేది.

ఫిబ్రవరిలో శనగ చేను కోతకు వచ్చింది. నాన్నగారు పడిపోయిన తర్వాత మేమెవ్వరం ఆ చేను వైపు చూడలేదు. ఒక ఉదయం ఊరివాళ్ళు పధ్నాలుగు మంది, కాయ రాలకుండా మంచు పదును మీదే కోయాలని చీకటితో వెళ్ళి, రెండు రోజుల్లో మూడెకరాలూ కోసి, కుప్ప వేసి, మిషన్ పెట్టించి నూర్చి, 18 బస్తాలు మా అరుగు మీద దింపారు. ఆ పధ్నాలుగు మందిలో మా మందిరానికి వచ్చేవారు అయిదుగురే. మిగిలినవారు రామాలయం వీధివారు. కూలి ఇవ్వబోతే అమ్మను కోప్పడ్డారు. పొలం యజమానిగారు ఈ ఏడు కౌలులో సగమే తీసుకున్నారు. ప్రతి శనివారం సాయంత్రం క్షౌరం చేసే అన్న పిలవకుండానే వచ్చి, "రేపు ఆదివారం కదా బాబాయ్" అంటూ నాన్నకు గడ్డం గీసి, ముఖం తుడిచి వెళ్ళేవారు. మందిరానికి వెళ్ళలేని మనిషికి కూడా ఆదివారం ముఖం ఉండాలని ఆయనకు ఎలా తోచిందో నాకు తెలియదు.

అన్నీ ఇలాంటి మాటలే వినలేదు. పరామర్శకు వచ్చిన ఒకరిద్దరు, ఇంట్లో ఏదో పాపం దాగి ఉందని, విశ్వాసం చాలక స్వస్థత ఆలస్యమవుతోందని అమ్మ ముందే అన్నారు. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని యోహాను సువార్త 9వ అధ్యాయంలో ప్రభువు పుట్టు గుడ్డివాని గురించి చెప్పిన మాటను మా పెద్ద పెద్దమ్మ, చదువు రాని మనిషి, అక్షరం తప్పకుండా అమ్మకు చెప్పి అన్నం కలిపి పెట్టింది. మంచాన పడినవారి ఇంటికి వెళ్ళేవారందరికీ చేతులు జోడించి మనవి చేస్తున్నాను: కారణాలు వెదకవద్దు, ఒక గంట పక్కన కూర్చోండి, ఒకసారి దుప్పటి అంచు పట్టుకోండి.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నేను సరిగా ప్రార్థించలేదు. మోకాళ్ళ మీదకు వెళితే నిద్ర వచ్చేది, లేకపోతే కోపం వచ్చేది. మార్కు 2వ అధ్యాయంలో పక్షవాయువుగలవానిని నలుగురు మోసుకువచ్చి, గుంపులో దారి లేక ఇంటికప్పు విప్పి దించినప్పుడు, యేసు "వారి విశ్వాసము చూచి" అని రాసి ఉంది. వారి విశ్వాసం అన్నప్పుడు ఆ మోసినవారి విశ్వాసం కూడా అందులో ఉంది కదా అని, రూళ్ళ పుస్తకంలో సంతకాలు చూస్తూ ఎన్ని రాత్రులు అనుకున్నానో. నాకు విశ్వాసం కరవైన రాత్రుల్లో మీ విశ్వాసం మీదనే మా ఇల్లు నిలబడింది.

మా పెద్దలు ఎలా నమ్మారో నాన్నగారు మా చిన్నప్పుడు చెప్పేవారు. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని ఇప్పించారు. కానీ తిండి కోసం చేరారన్న మాట రాకూడదని, సాయం పంచినన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అది ముగిసిన తర్వాతే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. "సాయం ఆగిపోయాక నీళ్ళలో దిగారమ్మా మనవాళ్ళు" అనేవారు నాన్న. స్వస్థత సంపూర్ణంగా రాలేదని నాకు బెంగ కలిగినప్పుడల్లా, మేలు కోసం కాదు మనం నమ్మింది అని ఆ మాటే పట్టుకున్నాను.

మార్చి నెలలో ఒక సాయంత్రం జరిగినది చెప్పి తీరాలి. అమ్మ దీపం పెట్టి, ఎప్పటిలాగే ఒక పాత కీర్తన సన్నగా ఎత్తుకుంది. రెండు నెలలుగా "నీళ్ళు" అనే మాట కూడా అనలేని నాన్న నోట రెండో చరణం వచ్చింది. రాగం తప్పలేదు, మాటలూ తప్పలేదు. పాట ఆగగానే మళ్ళీ మాట లేదు. మాటలకు, పాటకు మెదడులో వేరువేరు దారులు ఉంటాయని, మాట పోయినవారు కూడా పాట పాడటం కద్దని తర్వాత డాక్టరమ్మగారు వివరించి, ఆ పాటల మీదుగానే మాటలు నేర్పించారు. ఆమె వివరణ నిజం. ఆ దారిని వేరుగా అమర్చి ఉంచిన దేవుడికి నేను స్తోత్రం చెప్పుకున్నదీ నిజమే.

చివరగా మా అత్తగారికి. పెళ్ళయిన ఆడపిల్ల పుట్టింట్లో అయిదు నెలలు ఉంటే నాలుగు మాటలు పడవలసి వచ్చే రోజులివి. ఆవిడ హైదరాబాదులో నా ఇద్దరు పిల్లలను తన దగ్గర పెట్టుకుని, ఎవరైనా అడిగితే, "మా కోడలు వాళ్ళ నాన్న దగ్గర ఉంది, ఉండాల్సిన చోటే ఉంది" అని జవాబు చెప్పేవారట. అత్తయ్యా, నాకు ఇద్దరు తల్లులు.

ఇప్పుడు నాన్నగారు చేతికర్రతో వరండా దాకా నడుస్తున్నారు. గొట్టం తీసేశారు. మెత్తగా కలిపిన అన్నం ఎడమచేత్తో తింటున్నారు. కుడిచెయ్యి రాలేదు, బహుశా రాదు. పది పన్నెండు మాటలు వచ్చాయి. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత మందిరంలో కృతజ్ఞత కూడిక, భోజనం పెట్టుకున్నాము. పేరుపేరునా పిలవలేకపోయినవారు ఇదే పిలుపుగా భావించి రావాలని కోరుతున్నాము. నాన్నగారు ముందు వరుసలో ఉంటారు, ఎడమచేత్తో వందనం చేస్తారు.

మేము వాడిన గాలి పరుపు, దాని మోటారు, చక్రాల కుర్చీ, నాలుగు మడతల దుప్పటి శుభ్రంగా ఉతికి, తుడిచి మందిరం పక్క గదిలో పెట్టాము. ఏ వీధివారైనా, ఏ మతంవారైనా అవసరమైనప్పుడు తీసుకువెళ్ళవచ్చు, అద్దె లేదు. వాటితోపాటు కొత్త రూళ్ళ పుస్తకం ఒకటి, దారంతో పెన్ను కట్టి ఉంచాము.