నాన్న ఫిస్టులాను కాపాడిన సిస్టర్లకు కృతజ్ఞతలు

అమలాపురంలో, కిడ్నీలు పనిచేయని మా నాన్నగారికి డయాలసిస్ (మిషన్‌తో రక్తం శుద్ధి) చేసే సిస్టర్లకు మా ఇంటిల్లిపాది తరఫున కృతజ్ఞతలు. ఎదురుగా చెబితే "ఇది మా పనే కదండీ" అని మాట దాటవేస్తున్నారు. అందుకే నలుగురిలో చెబుతున్నాను.

నాన్న డయాలసిస్ అంతా ఎడమచేతి ఫిస్టులా మీదే నడుస్తోంది. ఫిస్టులా అంటే చేతిలోని ధమనిని సిరకు కలిపి కుట్టడం. అలా కుడితే రక్తం జోరుగా పారి ఆ సిర లావై, గట్టిపడుతుంది. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలపాటు, రక్తం మిషన్‌కు వెళ్లే సూదీ, తిరిగి వచ్చే సూదీ రెండూ అందులోనే ఉండాలి. కుట్లు మానుతున్న రోజుల్లోనే ఒక సిస్టర్ అమ్మ వేళ్లు పట్టుకుని ఆ చోట ఆనించింది. "జుమ్మని అదురుతోంది కదా పిన్నిగారూ? పొద్దునా రాత్రీ చూడండి. అదురు తెలియకపోతే తెల్లవారేదాకా ఆగవద్దు" అంది. ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదని, రక్తం తీయనివ్వకూడదని, దాన్ని తలకింద పెట్టుకుని పడుకోకూడదని కూడా చెప్పింది.

పోయిన నెల ఒక రాత్రి అమ్మ వేళ్లకు ఆ అదురు తగల్లేదు. నాన్నకు నొప్పి లేదు, వాపు లేదు. సిస్టర్ మాట గుర్తు లేకపోతే అందరం హాయిగా నిద్రపోయేవాళ్లం. చివరి షిఫ్టు ముగించుకుని ఇంటికి బయలుదేరుతున్న సిస్టర్ మా ఫోను ఎత్తి, డాక్టరుగారితో మాట్లాడి, కాకినాడలో ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పి, మేము చేరేదాకా వాకబు చేస్తూనే ఉంది. గడ్డకట్టిన రక్తం తీశారు, ఫిస్టులా దక్కింది. లేకపోతే మెడలో గొట్టం వేయాల్సి వచ్చేది. దానితో ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ.

మిషన్ మీద ఉన్నప్పుడు నాన్న వరసగా ఆవులిస్తే మేము నిద్ర వస్తోందనుకుంటాం. సిస్టర్ మాత్రం వెంటనే వచ్చి బీపీ చూస్తుంది. పడిపోతుంటే తలవైపు మంచం దించి, నీరు లాగడం తగ్గించి, సెలైన్ ఎక్కిస్తుంది. ఆ చూపు మిషన్‌కు లేదు.

కోనసీమలో ఎవరింటికి వెళ్లినా ముందు బోండాం కొట్టి చేతికిస్తారు. కిడ్నీలు పనిచేయనివారికి అందులోని పొటాషియం గుండెకే ముప్పు. చుట్టాలకు ఆ సంగతి నచ్చజెప్పింది, కూరముక్కలను ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీరు వంపేయాలని అమ్మకు నేర్పింది కూడా వీళ్లే. ఒంట్లో నీరు చేరి బరువు ఎక్కువ పెరిగి వచ్చిన రోజున కసురుకోరు. "బాబాయిగారూ, ఊరగాయ తిన్నారా? దాహం వేసి ఉంటుంది" అని అడుగుతారు. నాన్న నిజం చెప్పేస్తారు.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక జారీ అయినప్పుడు లంక గ్రామాలవారు ఏటి అవతలే చిక్కుకుపోయారు. డయాలసిస్ తప్పితే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అందుకే ఇప్పుడు గోదావరి పెరుగుతోందనగానే సిస్టర్లు లంకల్లోని పేషెంట్లకు ఫోన్లు చేసి, పడవలు ఆగకముందే రమ్మంటున్నారు. ఒక్కో సిస్టర్‌కు ఎన్ని మిషన్లు అప్పగించాలో నిర్ణయించే పెద్దలు ఈ పనులన్నీ లెక్కలోకి తీసుకోవాలని నా విన్నపం.

ఆ రాత్రి ఫోను ఎత్తిన సిస్టర్‌కు, అమ్మ వేళ్లకు ఆ అదురు చూపించిన సిస్టర్‌కు, మూడు షిఫ్టుల్లోని మిగతా సిస్టర్లందరికీ అమ్మ, నాన్న, నేను చేతులెత్తి నమస్కరిస్తున్నాం.