సాయంత్రం పాలు ఇకమీద ముప్పావుగంట ఆలస్యం, ఎందుకంటే

పోయిన వారం ఆహార భద్రతా అధికారి మా అనంతపురం పాతూరు అంగట్లో పాల శాంపిల్ తీసుకున్నారు. "ఏమన్నా కల్తీనా అన్నా?" అని వాడుక వాళ్లు అడుగుతున్నారు. శాంపిల్ తీసినంత మాత్రాన కల్తీ అని కాదు. పాలను నాలుగు భాగాలు చేసి, చెడిపోకుండా ఫార్మాలిన్ అనే మందు చుక్కలు వేసి సీలు వేస్తారు. ఒక భాగం పరీక్ష చేసే అనలిస్టుకు పోతుంది. ఆయన రిపోర్టుకు చట్టం పెట్టిన గడువు 14 రోజులు. అది రాగానే గల్లాపెట్టె పక్కన అంటిస్తాం.

కానీ ఆ రిపోర్టు వెన్న, నీళ్లు, కల్తీ సంగతే చెబుతుంది. ఫార్మాలిన్‌కు సూక్ష్మజీవులు చస్తాయి కాబట్టి క్యాను శుభ్రంగా ఉందో లేదో అందులో తేలదు. పాల చిక్కదనం చూసే లాక్టోమీటర్‌కూ అది తెలియదు. దాన్ని ఏమార్చడమూ సులువే: మీగడ తీస్తే రీడింగు పెరుగుతుంది, నీళ్లు పోస్తే దిగి మామూలుగా కనిపిస్తుంది. మన జిల్లా మద్రాసు కింద ఉన్నప్పుడే, 1918లో, కల్తీ నిరోధక చట్టం వచ్చింది. ఇప్పటికీ చాలామంది నీళ్లు కలిశాయా అనే చూస్తారు, క్యాను మూత తీసి చూడరు.

పాలు విరిగే జబ్బు ఎక్కువగా అక్కడే ఉంటుంది. మూత కింది రబ్బరు రింగు ఊడదీస్తే పసుపు జిడ్డు వేలికి అంటుకుంటుంది, పులిసిన వాసన. క్యాను మెడ లోపల తెల్లగా, గరుకుగా గార కడుతుంది. మన బోరు నీళ్లకు అది ఇంకా తొందరగా పేరుకుంటుంది. దాని కింద దాగిన సూక్ష్మజీవులను క్లోరిన్ అందుకోలేదు.

కడగడంలో వరస ముఖ్యం. మొదటే వేడినీళ్లు పోస్తే పాలు ఉడికి అతుక్కుంటాయి, అందుకని ముందు చన్నీళ్లు. తర్వాత 10 లీటర్ల వేడినీళ్లలో 100 గ్రాముల వాషింగ్ సోడా కలిపి బ్రష్‌తో రుద్దాలి, రింగు విడిగా. మళ్లీ జాడించి, 10 లీటర్ల నీళ్లకు 5 శాతం హైపోక్లోరైట్ (క్లోరిన్ మందు) 40 మిల్లీలీటర్లు కలిపి రెండు నిమిషాలు ఉంచాలి. గుడ్డతో తుడవకుండా స్టాండు మీద బోర్లించాలి. సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, అందుకే అన్నీ స్టీలు క్యాన్లే పెట్టాం. గార పోవడానికి వారానికోసారి నిమ్మ ఉప్పు వాడతాం. అది హైపోక్లోరైట్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది, ఇంట్లో చేసేవాళ్లు జాగ్రత్త.

ఇదంతా అయ్యి క్యాన్లు ఆరేసరికి పొద్దు పోతుంది. అందుకే సాయంత్రం పాలు ఇకమీద 5 గంటలకు కాదు, 5:45కు. పొద్దున మిగిలినవి వాటిలో కలపం, పెరుగుకు తోడేస్తాం. మీరు తెచ్చే గిన్నె కూడా తడి లేకుండా తెండి.