నాణేల పరీక్ష విభాగం – వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం. నెలవారీ మార్పిడి సమావేశాలు, పాఠశాల ప్రదర్శన ఎప్పటిలాగే జరిగాయి. లెక్కల పత్రం విడిగా జతచేశాం. ఈ ఏడాది పని ఎక్కువగా బ్రిటిష్ ఇండియా వెండి రూపాయల పరీక్షే కాబట్టి నివేదికలోనూ దానికే చోటిచ్చాం.

ముందుగా వింత నాణేలు. రామ దర్బారో, హనుమంతుడో, తామరపువ్వో వేసి, వెనక ‘ఈస్ట్ ఇండియా కంపెనీ 1818’ అని ఉండేవాటిని కంపెనీ ఎన్నడూ ముద్రించలేదు. కంపెనీ పాలనంతటికీ ఒకే రకం రూపాయి వచ్చింది 1835 చట్టంతోనే. బియ్యం గింజల్ని లాగుతుందంటూ లక్షలు గుంజే ‘రైస్ పుల్లింగ్’ ముఠాలు చూపించేవీ ఇలాంటివే. వీటికి తూకం కూడా దండగ.

కాస్త తెలివైన నకిలీని తేదీయే పట్టిస్తుంది. విక్టోరియా పేరు పక్కన 1876 దాకా ‘క్వీన్’, 1877 నుంచి ‘ఎంప్రెస్’ ఉంటుంది. 1862 నాణెం మీద ‘ఎంప్రెస్’ కనిపిస్తే అక్కడితో ఆపేయండి. అయిదో జార్జి 1911 రూపాయి మీద రాజు అంగీలోని ఏనుగు పందిలా ఉందని గొడవై, 1912 నుంచి బొమ్మ మార్చారు. 1911 అని ఉండి ఏనుగు తొండం చక్కగా కనిపిస్తోందంటే చివరి అంకె చెక్కి మార్చినదే. అరుదైన 1939 రూపాయికైతే పదింతల భూతద్దం తప్పనిసరి: చివరి 9 చుట్టూ గీకిన మెరుపు, అతుకు గీత ఉన్నాయేమో వెతకాలి.

ఇక తూకం. 1939 దాకా రూపాయి అంటే ఒక తులం, అంటే 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. తూకం ఒక్కటీ సరిపోయిందని మురిసిపోకూడదు. జర్మన్ సిల్వర్ (రాగి, నికెల్, జింకు కలిపిన లోహం, పేరులో తప్ప వెండి ఉండదు) నాణేన్ని కాస్త మందంగా కొడితే అదే బరువు వస్తుంది. తూకం తగ్గినంత మాత్రాన నకిలీ కూడా కాదు, చేతులు మారి అరిగి ఉండొచ్చు. ఎంత అరిగినా మారనిది సాంద్రత. అందుకే నీటి తూకం మీద పట్టుబట్టాం.

0.01 గ్రాము చూపే కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయాలి. సన్నని దారంతో నాణేన్ని పూర్తిగా ముంచి, అడుగుకూ గోడకూ తగలకుండా పట్టుకోవాలి. అప్పుడు కనిపించే అంకెతో గాలిలో తూచిన బరువును భాగించాలి. అసలు రూపాయికి నీటిలో 1.13 వస్తుంది, సాంద్రత 10.3. వెండిని సగానికి తగ్గించిన 1940–45 రూపాయికి 1.22 దగ్గర. అదే బరువున్న జర్మన్ సిల్వర్‌కు 1.34. నాణేనికి బుడగ అంటుకుంటే అంకె పెరిగి అసలుది కూడా నకిలీలా కనబడుతుంది. నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేస్తే ఆ బెడద ఉండదు. 0.1 గ్రాము కాటా ఈ పనికి బొత్తిగా పనికిరాదు, తేడా అంతా దాని పొరపాటులోనే కలిసిపోతుంది.

నిజాం చార్మినార్ రూపాయిని ఈ కొలతతో చూసి నకిలీ అనుకోవద్దు. దాని బరువే 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం, సాంద్రత 10.2 దగ్గర. 1947 రూపాయి నికెల్‌ది, అయస్కాంతానికి అంటుకోవడం దాని లక్షణం. జర్మన్ సిల్వర్ మాత్రం అంటుకోదు. కాబట్టి అయస్కాంత పరీక్ష నెగ్గినంత మాత్రాన నాణెం వెండిదైపోదు.

అసలు చిక్కు మేలి వెండితోనే చేసినవాటితో. పండగకు అమ్మే జార్జి బొమ్మ పూజ నాణేలు చాలావరకు పది గ్రాములవి, 999 ముద్ర ఉంటుంది. అసలు రూపాయి మీద శుద్ధి అంకె ఎప్పుడూ లేదు. తులం బరువుకు పోతపోసిన నకిలీ అయితే నీటి తూకంలోనూ నెగ్గుతుంది. దాన్ని అంచు దగ్గర పట్టుకోవాలి: పళ్లు మొద్దుబారి, మధ్యలో చుట్టూ సన్నని అతుకు, అక్షరాల మూలల్లో సూదిమొన అంత గుంటలు. రెండు నాణేల మీద ఒకేచోట ఒకే గీత ఉంటే రెండూ ఒకే అచ్చువి. నల్లమరకను తోమేస్తే ఈ ఆనవాళ్లు చెరిగిపోతాయి, కాబట్టి తోమిన నాణేలను పరీక్షకు తీసుకోవడం మానేశాం.

వచ్చే ఏడాది నుంచి మార్పిడి బల్ల మీద పెట్టే ప్రతి వెండి రూపాయి కవరు మీద గాలి తూకం, నీటి తూకం రాసి ఉండాలి. కాటా, గ్లాసు, దారం సంఘమే ఇస్తుంది. నకిలీగా తేలిన నాణేన్ని ‘నకిలీ’ చీటీతో యజమానికే తిరిగి ఇస్తాం, ఆ చీటీ తీసేసి మళ్లీ బల్ల మీదకు తెస్తే ఆ సమావేశానికి అనుమతి ఉండదు.