శేషూ, ఎంత ఎత్తులో ఆగింది?

బెంగళూరు, మల్లేశ్వరం,
2024 జూన్ 9, ఆదివారం.

చిరంజీవి శేషుకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నీ గొంతు విని మూడు ఆదివారాలయింది. మొదటి వారం పని ఎక్కువై ఉంటుందనుకున్నాను. రెండో వారం ఊరెళ్ళి ఉంటావనుకున్నాను. మూడో వారం కుక్కరు కూత వేసినా ఫోనేమోనని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. "బాగున్నాను, తర్వాత మాట్లాడతాను" అని నువ్వు పంపే రెండు ముక్కల మెసేజీ ఉత్తరానికి ఉత్తరమూ కాదు, మాటకు మాటా కాదు. అందుకే నేనే కాగితం తీసుకున్నాను.

ఈ ఏడు ఆవకాయకు కాయ ఆలస్యంగా దొరికింది. సుబ్బన్న మామయ్య హిందూపురం నుంచి తెచ్చిన ఆవపిండి ఘాటు తక్కువగా ఉందని వర్ధనమ్మత్త ఒప్పుకోలేదు, మళ్ళీ మరపట్టించాం. నీ వాటా రెండు సీసాలు విడిగా తీసి పెట్టాను. అయిదు రోజుల కిందట రమణి వచ్చి రుచి చూసి వెళ్ళింది. చూస్తూ చూస్తూ, "శేషన్నయ్య గాలిలో ఇంజిన్ ఆగి బండిని పొలంలో దింపాడట కదా పెద్దమ్మా" అని, నా ముఖం చూసి నాలుక కరుచుకుంది. ఎవరు చెప్పారే అని అడిగితే సగం కాఫీ అలాగే వదిలేసి, పిల్లవాడికి ట్యూషను ఉందని లేచిపోయింది. సెలవుల్లో ట్యూషనేమిటి?

ఆ మాట అడగడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టానని అనుకోవద్దు. చెప్పవలసిన కబుర్లు చాలా ఉన్నాయి. మన వీధి మొగలో ఉన్న మహాగని చెట్టు కొమ్మలను కరెంటు తీగలకు తగులుతున్నాయని కొట్టేశారు, చెట్టు మాత్రం నిలిచింది. చిన్నప్పుడు దాని గింజలు ఏరుకొచ్చి మేడ మీద నుంచి ఒక్కొక్కటే వదిలేవాడివి, గుర్తుందా? రెక్క విరగని గింజ గిరగిరా తిరుగుతూ, తొందర లేకుండా, ఎదురింటి వాకిట్లో వాలేది. రెక్క విరిగిందయితే రాయిలా పడేది. నువ్వు కిందటి ఏడాది జర్మనీలో, ఆ హిల్డెస్‌హైమ్‌లో గైరోప్లేన్ నేర్చుకుంటున్నానని చెప్పినప్పుడు నాకు మొదట తట్టినది ఆ గింజే. ఇరవై ఎనిమిదేళ్ళు విమానాల ఇంజిన్ భాగాలను తనిఖీ చేసి సంతకాలు పెట్టినదాన్ని, సొంత కొడుకు ఎగురుతానంటే వద్దనడం న్యాయం కాదనుకున్నాను. వద్దనకుండా కూర్చుని చదివాను. హెలికాప్టరులో ఇంజిన్ పైరెక్కలను తిప్పుతుంది. నీ బండిలో వెనక ఉన్న ఇంజిన్ ముందుకు తోయడం వరకే చేస్తుంది, పైన ఆ రెక్కల చక్రాన్ని, అంటే రోటరును, తిప్పేది కింద నుంచి దాని గుండా పైకి వెళ్ళే గాలి. కాబట్టి ఇంజిన్ ఆగినా రోటరు ఆగదు. ఆ వాక్యం చదివిన రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.

దాన్ని కనిపెట్టిన హువాన్ దె లా సియెర్వా అనే స్పెయిన్ దేశస్థుడి సంగతి కూడా చదివాను. ఆయన తయారుచేసిన పెద్ద విమానం 1919లో వేగం తగ్గి, గాలిలో పట్టు తప్పి కూలింది. వేగం తగ్గినా పట్టు తప్పని యంత్రం చేయాలని ఆయన పంతం పట్టాడు. మొదట చేసినవి పక్కకు ఒరిగిపోయేవి. రెక్కల మొదట్లో బందులు పెట్టి, ఒక్కో రెక్కను తనంతట తాను పైకీ కిందికీ ఆడనిచ్చాక, 1923 జనవరిలో అది సరిగ్గా ఎగిరింది. 1928లో ఆ యంత్రంలోనే ఇంగ్లీషు ఛానెల్ దాటాడు. అంత చేసిన మనిషి, 1936 డిసెంబరులో లండను దగ్గర క్రాయ్‌డన్‌లో పొగమంచులో బయలుదేరిన ఒక మామూలు ప్రయాణికుల విమానంలో కూర్చుని, టేకాఫ్ అయిన కొద్ది క్షణాలకే అది కూలి చనిపోయాడు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను. నేల విడిచిన మొదటి నిమిషం ఎవరినీ గౌరవించదు.

అందుకే అడుగుతున్నాను, శేషూ, ఇంజిన్ ఎంత ఎత్తులో ఆగింది? వెయ్యి అడుగుల మీద ఆగిందంటే ఇంచుమించు ఒక నిమిషం చేతిలో ఉంటుంది, చోటు చూసుకుని దిగవచ్చు. రెండు వందల అడుగుల మీదయితే నీ చేతిలో ఉండేది పది, పన్నెండు సెకన్లు. నేను అయిదు రోజులుగా వంటింట్లో గడియారం ముల్లు చూస్తూ పన్నెండు లెక్కపెడుతున్నాను. పాలగిన్నె దించి స్టవ్వు ఆపేలోగానే అయిపోతున్నాయి.

ఉపదేశం చేయకూడదనే అనుకున్నాను, కానీ తెలిసిన మాట చెప్పకుండా ఉండలేను. నేల విడిచిన వెంటనే ఎత్తుకు ఎగబాకకు. చూసేవాళ్ళకు నిటారుగా లేచే బండి ముచ్చటగానే ఉంటుంది, కానీ తక్కువ ఎత్తులో తక్కువ వేగంతో ఉన్న బండికి ఇంజిన్ ఆగిందంటే ఖర్చు పెట్టుకోవడానికి ఎత్తూ ఉండదు, వేగమూ ఉండదు. కొన్ని అడుగుల ఎత్తులోనే నేలను అంటిపెట్టుకుని పోయి, పైకెక్కడానికి నీ పుస్తకంలో చెప్పిన వేగం వచ్చాకే ఎక్కు. ఎత్తుకూ వేగానికీ కలిపి గీసిన పటం ఒకటి మీ బండి పుస్తకంలో ఉంటుంది, అందులో ఏ మూలకు పోకూడదో గీత గీసి మరీ చెప్పారు. దాన్ని పరీక్ష కోసం చదివి వదిలేసి ఉంటావని నా భయం.

ఇంజిన్ ఆగిన క్షణంలో బండి ముక్కు పైకి లేచి ఉంటుంది, వేగం చూస్తుండగానే పడిపోతుంది, వెనక ఇంజిన్ తోసే గాలి చుక్కానికి తగలడం తగ్గి ముక్కు పక్కకు తిరుగుతుంది. అప్పుడు ముక్కు దించాలి, కానీ స్టిక్కును గభాలున తోయకూడదు. రోటరు తిరగాలంటే దాని కింద మీ బరువు వేలాడుతూనే ఉండాలి. ఒక్కసారిగా తోస్తే ఆ బరువు తేలిపోయి రోటరు మందగిస్తుంది, ఆ తర్వాత స్టిక్కును ఎటు తిప్పినా అది వినదు. దించడం మెత్తగా ఉండాలి, కానీ ఆలస్యం చేయకూడదు. వేగం నిలుపుకుంటూ దిగి, నేల దగ్గరపడ్డాక స్టిక్కు వెనక్కి లాగుతూ మిగిలిన వేగమంతా అక్కడ ఖర్చు చేసి కూర్చోబెట్టాలి. ముందే ఖర్చు చేసేస్తే ఆఖరున లాగడానికి ఏమీ ఉండదు.

అన్నిటికంటే ముఖ్యం, వెనక్కి తిప్పకూడదు. రన్‌వే వెనకే ఉంది కదా అనిపిస్తుంది. కానీ మీ బండి ఇంజిన్ లేకుండా ఒక అడుగు దిగే లోపల మూడు, నాలుగు అడుగులే ముందుకు పోతుంది. తిరిగి రన్‌వే మీదకు రావాలంటే సగం చుట్టు చాలదు, ఇంకా ఎక్కువ తిరగాలి, తిరిగే కొద్దీ ఎత్తు ఇంకా త్వరగా కరుగుతుంది, పైగా అప్పటిదాకా ఎదురుగా ఉన్న గాలి వీపున పడి నేల మీద వేగం పెరుగుతుంది. ఎదురుగా, కొంచెం అటూ ఇటూ, ఏది కనిపిస్తే అదే నీ చోటు. మొన్న వెనక్కి తిప్పావా?

ఇది రాస్తుంటే యశవంతపురం గేటు గుర్తొస్తోంది. 1989లో నీకు నాలుగేళ్ళు, మనం మత్తికెరె ఇంట్లో ఉండేవాళ్ళం. వర్ధనమ్మత్త వాళ్ళ గృహప్రవేశం పీణ్యలో, తెల్లవారుజామున ముహూర్తం. నీకు తలంటి, ఆరబెట్టి, కొత్త చొక్కా వేసేసరికి ఆలస్యమయింది. మీ నాన్నగారు అసలే తొందర మనిషి. స్కూటరు ఒక్క కిక్కుకే అందుకుంది. నువ్వు ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకున్నావు, నేను వెనక వెండి కుందుల సంచీతో ఒక పక్కకు కూర్చున్నాను. గట్టిగా అర కిలోమీటరు వెళ్ళామో లేదో, గేటులోపల, సరిగ్గా రెండు జతల పట్టాల మధ్యన, స్కూటరు ఒకసారి దగ్గి ఆగిపోయింది. ఆయన దిగకుండానే కిక్కు కొట్టారు. అందుకోలేదు. దిగి కొట్టారు. చోక్ లాగి కొట్టారు. బండిని పక్కకు వంచి, లేపి, మళ్ళీ కొట్టారు. "ఒక్క కిక్కు, ఒక్క కిక్కుకి అందుకుంటుంది" అంటున్నారు. అప్పటికే గేటు గంట మోగుతోంది. గేటుమన్ను చేతిలో జెండా ఊపుతూ "తళ్ళి సార్, తళ్ళి" అని కన్నడంలో అరుస్తున్నాడు, తోయండి అని. మీ నాన్నగారికి ఆ అరుపు వినపడలేదు. ఇంత చదువుకున్న మనిషికి లోకంలో ఆ కిక్కు రాడ్డు తప్ప ఇంకేమీ లేదు ఆ నిమిషాన. నేను నిన్ను చంకనేసుకుని పట్టాలు దాటి, తంగేడు పొద దగ్గర నిలబెట్టి, కదిలావంటే చంపుతానని బెదిరించి, వెనక్కి పరుగెత్తాను. గేటుమన్నూ నేనూ చెరో పక్క తోస్తే బండి బయటపడింది. కాసేపటికి గూడ్సు బండి వెళ్ళింది. నువ్వు పెట్టెలు లెక్కపెట్టావు. ఇరవై దాకా వచ్చి, ఆపైన అంకెలు రాక, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టావు. నేను కుందుల సంచీ ఎక్కడ పడేశానో చూసుకుంటున్నాను.

గూడ్సు వెళ్ళాక ఆయన వంగి చూస్తే పెట్రోలు నాబ్ కట్టేసి ఉంది. రాత్రి పడుకునేముందు కట్టడం ఆయనకు అలవాటు, పొద్దున తొందరలో తిప్పలేదు. కార్బురేటరు గిన్నెలో మిగిలిన పెట్రోలు ఇంటి దగ్గర స్టార్టవడానికి, పట్టాల దాకా రావడానికి సరిపోయింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆయన బండి తీసేముందు ఆ నాబ్‌ను వేలితో తడిమి చూసేవారు, తిప్పానని తెలిసినా సరే.

నీ బండిలోనూ అంతే. ఇంజిన్ మొదలైనంత మాత్రాన పెట్రోలు వస్తోందని అర్థం కాదు. పెట్రోలు కాక్ తెరిచావా, ట్యాంకు అడుగున నీళ్ళు తీశావా, ట్యాంకుకు గాలి పోయే గొట్టాన్ని పురుగేదైనా మూసేసిందా, ఇవన్నీ చేత్తో తాకి చూడు. నూనె 50 డిగ్రీల వేడికి రాకముందు ఇంజిన్ మీద ఒత్తిడి పెట్టకు. రెండు ఇగ్నిషన్‌లనూ విడివిడిగా పరీక్షించు. తేమ ఉన్న రోజున బయట 15 డిగ్రీలున్నా కార్బురేటరులో మంచు కట్టవచ్చు, ఎండ కనిపించిందని ధీమా వద్దు. రోటరుకు చాలినంత తిరుగుడు రాకుండా పరుగు మొదలుపెట్టకు, రెక్క ఊగి వెనక తోకకు తగులుతుంది. ప్రతి టేకాఫ్ ముందూ, "ఇప్పుడు ఆగితే అదిగో ఆ పొలం" అని పైకి అను. ఆగాక కూడా నీ చేయి తాళం వైపు పోకూడదు. పైన చాలా ఎత్తు ఉంటే మళ్ళీ స్టార్టు చేసుకో, తక్కువలో ఉంటే ముందు పట్టాల మీద నుంచి బయటికి రా.

మీ వైపు మే నెలలో ఆవ జాతి పంట నడుము దాటి ఎదుగుతుందని, దాని పక్కనే బీటు చేలు పొట్టిగా ఉంటాయని నువ్వే ఫోటోలు పంపావు. ఎత్తయిన చేలో చక్రాలు చిక్కుకుంటాయి, పొట్టిది చూసుకో. కరెంటు తీగలు పై నుంచి కనిపించవు, స్తంభాల వరుస కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నట్టే. దిగిన తర్వాత రోటరు పూర్తిగా ఆగేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వకు, ముఖ్యంగా చూడటానికి పరుగెత్తుకొచ్చే పిల్లలను.

రమణి మాట విన్న రాత్రంతా భయపడ్డాను. తెల్లవారుజామున లేచి కూర్చున్నాక ఒక సంగతి తట్టింది. పొలంలో దింపాడు అంది. పొలంలో దింపావంటే, నువ్వు వెనక్కి తిప్పలేదు. లేచి దీపం పెట్టాను.

నువ్వు నాతో ఎందుకు చెప్పలేదో తెలుసు. మానుకోమంటానని. మానుకోమనను. కానీ ఎందుకు ఆగిందో తేలకుండా మళ్ళీ ఎక్కితే మాత్రం నాకు కోపం వస్తుంది. "మళ్ళీ స్టార్టు చేస్తే బాగానే పనిచేసింది" అనే మాట ఇరవై ఎనిమిదేళ్ళలో చాలాసార్లు విన్నాను. ఆ మాటతో వచ్చిన ఏ ఇంజిన్‌కూ నేను సంతకం పెట్టలేదు. ఖాళీ కడుపుతో ఎగరకు, రెండు ఇడ్లీలైనా తిని వెళ్ళు, అక్కడ పిండి దొరుకుతుందని నువ్వే చెప్పావు. ఉన్ని మేజోళ్ళు పార్సెల్లో పెడుతున్నాను, వేసవి కదా అని పక్కన పడేయకు, పైన చలిగాలి. వచ్చే సంక్రాంతికి ఇక్కడికి వచ్చి మన జక్కూరు ఎయిర్‌ఫీల్డులో ఎగురుతానని సరదా పడకు. మీ ఊరు సముద్రమట్టానికి వంద మీటర్ల లోపు, మనది 900 మీటర్ల పైన. ఇక్కడి పలచని గాలిలో ఇంజిన్ బలం పదో వంతు దాకా తగ్గుతుంది, పరుగు పొడవవుతుంది.

ఒక పని చెయ్యి. ఆ రోజు బండిలో ఉన్న పెట్రోలు ఫిల్టరును పారేసి ఉండకపోతే, ఉతికిన తెల్ల గుడ్డ మీద దులిపి, కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూడు. మెరిసే రజను ఉంటే అయస్కాంతం దగ్గరికి తీసుకెళ్ళు. అంటుకుంటే ఉక్కు, అంటుకోకపోతే ఇత్తడో అల్యూమినియమో. నల్లగా సాగేదయితే రబ్బరు గొట్టం లోపల ఊడుతోందన్నమాట. ఆ గుడ్డను ఫోటో తీసి పంపు, నేను చూస్తాను.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఫోను దగ్గరే ఉంటాను. మీకప్పుడు తెల్లవారుజాము, అలారం పెట్టుకో. ఎంత ఎత్తులో ఆగిందో చెప్పు.

ఆశీస్సులతో,
అమ్మ.

తా.క. కుందులు అప్పుడు దొరికాయి. ఒకదానికి సొట్ట పడింది, అది ఇప్పటికీ మన దేవుడి గదిలోనే ఉంది.