సోమ, మంగళవారాల్లో అప్‌లోడ్ ఎందుకు ఆపానంటే

మన స్టోరేజ్‌లో పెళ్లి ఫోటోలు దాచుకునే విజయవాడ, గుంటూరు స్టూడియోల వాళ్లందరికీ. ముహూర్తాల సీజన్‌లో రెండు రోజులు అప్‌లోడ్ ఆగిపోయింది. ఫోన్‌లో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పాను, ఇక్కడ మొత్తం చెప్తాను.

ఆదివారం రాత్రి 11 గంటలకు నాలుగు డిస్కుల్లో ఒకదాని కేబుల్ వదులైంది. డిస్క్ ఊడి, మళ్లీ తగులుకుంది. పొద్దున 7 గంటలకు నేను చూసేసరికి మెషీన్ లాగ్ నిండా ఎస్‌డీసీ (మెషీన్ ఒక డిస్క్‌కు పెట్టుకునే పేరు) మీద ఎర్రర్లు. మెషీన్‌లో చూస్తే ఎస్‌డీసీ అనేదే లేదు, ఎస్‌డీఎఫ్ అని కొత్త పేరు ఉంది. మనం వాడే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (డిస్కుల మీద ఫైళ్లను సర్దే ఫైల్‌సిస్టమ్) ఏ డిస్క్ ఏ పేరుతో ఉందో ఒక జాబితా మెమరీలో పెట్టుకుంటుంది, అన్‌మౌంట్ చేసేదాకా, అంటే డిస్కుల్ని వాడకం నుంచి విడదీసేదాకా, ఆ పాత పేరునే పట్టుకుని కూర్చుంటుంది. డిస్క్ తిరిగొచ్చినా దాన్ని లోపలికి రానివ్వలేదు, రాత్రంతా లేని పేరు మీద రాయబోయి విఫలమవుతూనే ఉంది.

నా నోట్‌బుక్‌లో ఎస్‌డీసీ అంటే మూడో స్లాట్ అని రాసి ఉంది. రీబూట్ అయితే ఈ పేర్లు మారతాయని తెలిసీ ఆ కాగితాన్ని నెలల తరబడి మార్చలేదు, అది నా తప్పే. మూడో స్లాట్ సగం లాగాక ఎందుకో ఆగి, స్టిక్కర్ మీది సీరియల్ నంబర్ చివరి నాలుగు అంకెలు స్క్రీన్‌తో పోల్చి చూశాను. కలవలేదు. ఊడింది రెండో స్లాట్‌లోది. చేతిలో ఉన్న మంచి డిస్క్‌ను అలాగే లోపలికి నెట్టేసి, కాసేపు కుర్చీలో కూలబడ్డాను.

కేబుల్ మార్చి పాత డిస్క్‌నే పెట్టేస్తే పది గంటలకల్లా అప్‌లోడ్ తెరిచేవాణ్ని. చాలామంది అదే అడిగారు, గంటసేపు నేనూ అదే ఆలోచించాను. కానీ ఆ డిస్క్ ఆదివారం రాత్రి దగ్గరే ఆగిపోయింది, మిగతా మూడూ ముందుకెళ్లాయి. ఫోటోలకు చెక్‌సమ్ (డేటా మారిందో లేదో పట్టిచ్చే అంకె) ఉంటుంది కాబట్టి తేడా దొరికిపోతుంది, స్క్రబ్ చేస్తే, అంటే అన్ని కాపీల్నీ చదివి సరిచూస్తే, సరవుతుంది. మీ ఆల్బమ్ సెలెక్షన్లు ఉండే డేటాబేస్‌కు మాత్రం స్పీడ్ కోసం కాపీ-ఆన్-రైట్ (పాతదాని మీద రాయకుండా మార్పును కొత్త చోట రాసే పద్ధతి) తీసేశాను, దాంతో చెక్‌సమ్ కూడా పోతుంది. వేర్వేరు డిస్కుల్లో ఉండే రెండు కాపీల్లో ఒకటి ఆదివారానిది, ఒకటి సోమవారానిది అయితే ఏది నిజమో మెషీన్ చెప్పలేదు, చేతికందినది ఇచ్చేస్తుంది. పెళ్లికూతురి తరఫువాళ్లు కూర్చుని ఎంచిన ఫోటోల జాబితాతో ఆ రిస్క్ నేను చేయను. మీలో ఇద్దరు కోపంగా ఫోన్ పెట్టేశారు, అయినా రేపు మళ్లీ ఇలా జరిగితే ఇదే చేస్తాను.

అందుకే ఆ డిస్క్‌ను బయటికి తీసేసి, అన్‌మౌంట్ చేసి, స్కాన్ ఫర్గెట్ కమాండ్‌తో పాత జాబితా చెరిపి, మిగిలిన మూడింటితో రీడ్-ఓన్లీగా, అంటే చదవడానికి మాత్రమే, తెరిచాను. డౌన్‌లోడ్‌లు పది నుంచే నడిచాయి.

ఇక కొత్త డిస్క్. ఆరేళ్లుగా ఒకే సప్లయర్ దగ్గర కొంటున్నాను. సోమవారం సాయంత్రం సీల్ కవర్‌లో కొత్తదని పంపాడు, కొత్తదాని రేటే తీసుకున్నాడు. పెట్టి చూస్తే పవర్-ఆన్ అవర్స్ (డిస్క్ ఆన్‌లో ఉన్న గంటలు) 19,000 దాటాయి. అంటే రెండేళ్లకు పైగా రాత్రింబవళ్లు ఎక్కడో తిరిగిన డిస్క్. ఫోన్ చేస్తే "టెస్టింగ్‌లో తిరిగుంటుంది లెండి" అన్నాడు. డబ్బు వెనక్కి ఇచ్చాడు, ఆ మాట మాత్రం నాకింకా మంటగానే ఉంది. ఆ నంబర్ చూడకుండా పెట్టేసి ఉంటే మీ ఫోటోలు దాని మీదే ఉండేవి. ఇక అతని దగ్గర కొనను. మా బావమరిది ఆ రాత్రే బస్సెక్కి, మంగళవారం షాపులు తెరవగానే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో డిస్క్ కొని, సాయంత్రానికి తెచ్చాడు. బాక్స్ విప్పగానే ముందు అవర్సే చూశాను.

రీప్లేస్ (కొత్త డిస్క్‌లోకి కాపీలు నింపడం) రాత్రంతా నడిచి ఈ పొద్దున పూర్తయింది, అప్‌లోడ్ తెరిచాను. ప్రతి స్లాట్ మీదా సీరియల్ నంబర్ టేప్ అంటించాను. ఈ నెల బిల్లులో రెండు రోజులు తీసేశాను, మీరు అడగక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. ఆదివారం రాత్రి 11 నుంచి సోమవారం ఉదయం 7 మధ్య పంపిన ఫైళ్లలో కొన్నింటికి అప్పుడు ఒక్క కాపీయే పడింది. స్క్రబ్ ఇంకా నడుస్తోంది. అది అయిందని నేను మెసేజ్ పెట్టేదాకా ఆ ఫైళ్లున్న కెమెరా కార్డులు ఫార్మాట్ చేయొద్దు.