చెప్పిన పిల్లల చేతిలోంచే ఫోన్ లాక్కుంటున్నాం

ఎడిటర్ గారికి నమస్కారం.

పిల్లలు, ఫోన్ల గురించి పేపర్లో ఏ వార్త వచ్చినా చివర్లో "తల్లిదండ్రులు అప్రమత్తంగా ఉండాలి" అని ఒక వాక్యం ఉంటుంది. ఏళ్ల తరబడి చదువుతున్నాను. అప్రమత్తంగా ఉండడమంటే ఏం చేయాలో మాత్రం ఎవరూ రాయరు. నేనూ అప్రమత్తంగానే ఉన్నాననుకున్నాను. ఫోన్‌కి లాక్ పెట్టాను, రాత్రి తొమ్మిది దాటాక ఇవ్వలేదు, వారానికోసారి హిస్టరీ తిరగేశాను. అయినా 11 ఏళ్ల మా అమ్మాయికి, గేమ్‌లో పరిచయమైనవాడెవడో 20 రోజులపాటు మెసేజ్‌లు పెడుతుంటే నాకు తెలియనే లేదు.

ఆటలో ఓడిపోతుంటే సాయం చేశాడట. నువ్వు చాలా బాగా ఆడతావన్నాడట. ఫ్రీగా కాయిన్స్ ఇచ్చాడు. కొన్నాళ్లకి ఇక్కడ మెసేజ్‌లు సరిగ్గా రావట్లేదు, వేరే యాప్‌లోకి రా అన్నాడు. మీ అమ్మకి చెప్పకు, పెద్దవాళ్లకి ఇవన్నీ అర్థం కావు అన్నాడు. ఆ తర్వాత ఫొటో అడిగాడు. అదృష్టం బాగుండి పిల్ల అక్కడ భయపడి ఆగిపోయింది. ఇదంతా నాకు తెలిసింది కూడా తను చెబితే కాదు, తన స్నేహితురాలి తల్లి చెబితే. ఆ రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని, గొంతు పెంచకుండా ఉండడానికి నానా తంటాలు పడుతూ, నాకెందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. దిండు గలీబు అంచుని వేలికి చుట్టుకుంటూ, నావైపు చూడకుండా, "చెబితే ఫోన్ లాగేసుకుంటావుగా" అంది.

నిజమే, లాగేసుకునేదాన్ని. అంతకు కొన్ని నెలల ముందు ఏదో వీడియో చూస్తుంటే మధ్యలో చెత్త బొమ్మ ఒకటి వచ్చిందని, తనంతట తనే భయపడి పరిగెత్తుకొచ్చి చూపించింది. అప్పుడు నేను చేసిన పని, రెండు కేకలేసి వారం రోజులు ఫోన్ బీరువాలో పెట్టడం. నిజం చెబితే శిక్ష పడుతుందని నేనే నేర్పాను. తను బుద్ధిగా నేర్చుకుంది. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇదే. పిల్లలకి ఏం నేర్పాలనేదానికంటే ముందు, వాళ్లు వచ్చి చెప్పే దారి మనమే మూసేస్తున్నాం, దాని గురించి మాట్లాడుకోవాలి. ఇప్పుడు మా ఇంట్లో ఒప్పందం ఒకటే, ఏం జరిగినా వచ్చి చెబితే ఫోన్ పోదు. ఒకటికి రెండుసార్లు ఒళ్లు మండినా ఆ మాట నిలబెట్టుకున్నాను, అది చూశాకే తను నమ్మడం మొదలుపెట్టింది.

"తెలియనివాళ్లతో మాట్లాడొద్దు" అని అందరం చెబుతాం. ఆ మాట పనిచేయదు, ఎందుకంటే నాలుగు రోజులు కలిసి ఆడాక వాడు పిల్ల లెక్కలో తెలియనివాడు కాదు, ఫ్రెండ్. కాబట్టి మనిషిని కాదు, వరసని గుర్తుపట్టడం నేర్పాలి. ముందు పొగడ్త, తర్వాత ఏదో ఒకటి ఉచితంగా ఇవ్వడం, తర్వాత ఎవరికీ చెప్పకు అనడం, తర్వాత వేరే యాప్‌కి పిలవడం, ఆ తర్వాత ఫొటో. ఫొటో చేతికొస్తే ఆ మర్నాటినుంచి బెదిరింపు. మా అమ్మాయికి ఈ వరస కాగితం మీద గీసి చూపిస్తే, మూడో మెట్టు దగ్గర తనే పెన్ను పెట్టి "నేను ఇక్కడే చెప్పాల్సింది కదా" అంది. ఎవరైనా సరే, అమ్మకి చెప్పకు అన్నారంటే అమ్మకి చెప్పాల్సిన విషయం అదేనని ఆ రోజు అర్థమైంది తనకి.

ఒకవేళ ఫొటో వెళ్లిపోయి బెదిరింపులు మొదలైతే? చాలామంది తల్లిదండ్రులు కంగారులో చాట్ మొత్తం డిలీట్ చేసేస్తారు, లేదంటే డబ్బు కట్టేస్తారు. రెండూ తప్పే. డబ్బిస్తే ఆగరు, మళ్లీ అడుగుతారు. మెసేజ్‌లు, అకౌంట్ పేరు అలాగే ఉంచి, అవతలివాణ్ని బ్లాక్ చేసి, యాప్‌లో రిపోర్ట్ కొట్టి, పోలీసుల దగ్గరికి వెళ్లాలి. ఇంకొకటి చాలామందికి తెలియదు. అమెరికాలో తప్పిపోయిన, వేధింపులకి గురైన పిల్లల కోసం పనిచేసే జాతీయ కేంద్రం 2023లో టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ మొదలుపెట్టింది. 18 ఏళ్లలోపు తీసిన అలాంటి ఫొటో మన ఫోన్‌లో ఉంటే, దాన్ని ఎవరికీ పంపనక్కర్లేకుండా, ఫోన్‌లోనే దానికి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారవుతుంది. ఆ కోడ్ మాత్రమే బయటికి వెళుతుంది. ఇందులో చేరిన కంపెనీలు దాన్ని బట్టి తమ దగ్గర ఆ ఫొటో ఎక్కడుందో గుర్తించి తీసేయొచ్చు. పేరు కూడా చెప్పనక్కర్లేదు. అన్ని యాప్‌లూ ఇందులో లేవనుకోండి, అయినా పిల్లకి "ఇంక అయిపోయింది" అనిపించే ఆ రాత్రి ఇలాంటిదొకటి ఉందని తెలిస్తే ఎంత ధైర్యం!

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ గేమ్‌లో అకౌంట్ తెరిచేటప్పుడు అసలు పుట్టిన సంవత్సరం కొడితే 13 ఏళ్లు నిండలేదంటూ ఒప్పుకోవట్లేదని, వేరేది కొట్టింది నేనే. ఈ 13 ఏళ్లు అనే అంకె వెనక ఉన్నది 1998లో అమెరికా చేసిన చట్టం. 13 లోపు పిల్లల వివరాలు వెబ్‌సైట్లు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. ఆ తలనొప్పి ఎందుకని చాలా కంపెనీలు అంతకంటే చిన్నవాళ్లకి ప్రవేశం లేదని రాసేసుకున్నాయి. అంతేతప్ప ఆ వయసుకి పిల్లలు సిద్ధమైపోతారని ఎవరో తేల్చి పెట్టింది కాదు. మనం అబద్ధం కొడితే ఏమవుతుందంటే, ఆ యాప్ కళ్లకి పిల్ల పెద్దదైపోతుంది, తెలియనివాళ్లు మెసేజ్ పెట్టకుండా పిల్లల అకౌంట్లకి ఉండే అడ్డుకట్టలు తనకి ఉండవు. గడియ నేనే తీసి, దొంగ ఎలా వచ్చాడని ఆశ్చర్యపోయాను.

ఆస్ట్రేలియా ఏకంగా 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకి పెద్ద సోషల్ మీడియా యాప్‌లలో అకౌంట్లే లేకుండా చేసింది. జరిమానా పిల్లలకో తల్లిదండ్రులకో కాదు, కంపెనీలకి. ఆ భాగం నాకు నచ్చింది. కానీ 16వ పుట్టినరోజు మర్నాడు ఒక్కసారిగా అన్ని తలుపులూ తెరుచుకుంటే, అప్పటిదాకా పక్కన కూర్చుని ఎవరూ ఏమీ చూపించని పిల్లాడు ఏం చేస్తాడు? నిషేధం మనకి టైమ్ ఇస్తుందేమో, ఆ టైమ్‌లో నేర్పాల్సింది మనమే కదా.

ఇక స్కూళ్లు. ఎక్కడైనా ఏదైనా జరిగితే, దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు, హాల్లో అందరినీ కూర్చోబెట్టి గంటసేపు సెమినార్. పాస్‌వర్డ్ చెప్పొద్దు, లింకులు నొక్కొద్దు, ఫొటోలు పెట్టొద్దు. పిల్లలు చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు. చేయించి చూపించేది ఏమీ ఉండదు. 2016లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు అమెరికా విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, మిడిల్ స్కూల్ పిల్లల్లో 80 శాతానికి పైగా, స్పాన్సర్డ్ కంటెంట్ (అంటే డబ్బు తీసుకుని వేసింది) అని పైన రాసి ఉన్నా ఆ ప్రకటనని నిజమైన వార్తే అనుకున్నారు. చదవడం రాక కాదు, ఆ మాటకి అర్థమేంటో ఎవరూ చెప్పక. ఫ్యాక్ట్ చెక్ చేసేవాళ్ల పద్ధతి చాలా సింపుల్: అనుమానం వచ్చిన పేజీలోనే కూర్చుని తల పట్టుకోకుండా, ఇంకో ట్యాబ్ తెరిచి ఇది రాసినవాళ్లెవరో, వాళ్ల గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూస్తారు. ఇది సోషల్ క్లాసులో పది నిమిషాల్లో చేయించొచ్చు. ఫిన్లాండ్‌లో 2016 నుంచి అమలవుతున్న పాఠ్య ప్రణాళిక ఇలాంటి నైపుణ్యాలని విడి సబ్జెక్టు చేయకుండా అన్ని సబ్జెక్టుల్లోనూ కలిపేసింది. మనకీ కొత్త పుస్తకం, కొత్త పరీక్ష వద్దు, దయచేసి. మార్కులు పెడితే దీన్ని కూడా బట్టీ పడతారు.

స్క్రీన్ ముందు ఎన్ని గంటలు అనే లెక్క గురించి పెద్దగా రాయను. ఐదేళ్లలోపు పిల్లలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందేదో ఉంది, రెండేళ్లనుంచి నాలుగేళ్లదాకా రోజుకి గంటకి మించొద్దని. పెద్దపిల్లల విషయంలో ఎంతసేపు అనేదానికంటే ఏం చేస్తున్నారనేది చూడాలని నా అభిప్రాయం. గంటన్నర బొమ్మలేయడం నేర్చుకోవడమూ, గంటన్నర ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే వచ్చే వీడియోలు చూడడమూ ఒకటి కాదు.

ఎప్పుడూ మన పిల్లలే బాధితులు అనుకుంటాం, అదొకటి. ఈమధ్య మా అమ్మాయి ఫోన్‌లో ఒక స్టిక్కర్ చూశాను, క్లాసులో నోరు తెరిచి నిద్రపోతున్న ఒకబ్బాయి ఫొటో. తయారుచేసింది ఇంకెవరో, కానీ మా అమ్మాయి వాళ్ల గ్రూపులో నవ్వొచ్చినప్పుడల్లా దాన్నే పంపుకుంటున్నారు. వాణ్ని అడిగారా అంటే "జోకేగా అమ్మా" అంది. నేను క్లాసు పీకబోతుంటే, "మరి నేను ఏడుస్తున్న వీడియో నువ్వు ఫ్యామిలీ గ్రూపులో పెట్టినప్పుడు నన్ను అడిగావా?" అంది. నోట మాట రాలేదు. ఇద్దరం కూర్చుని ముందు నా వీడియో తీసేశాం, తర్వాత తను స్టిక్కర్ తీసేసి గ్రూపులో ఇది ఇంక వద్దు అని రాసింది. ఒకరిద్దరు వెక్కిరించారట.

చివరిగా మీ పేపర్‌కి ఒక విన్నపం. ఇలాంటి ఘటనలు రాసేటప్పుడు "ఫోన్ మోజులో బాలిక" లాంటి హెడ్డింగులు పెట్టకండి. అది చదివిన ఇంకో పిల్ల తన సంగతి ఇంట్లో చెప్పాలనుకున్నా నోరు మూసుకుంటుంది. అప్రమత్తంగా ఉండాలి అనే వాక్యం తీసేసి, ఆ రెండు లైన్ల జాగాలో ఫిర్యాదు ఎక్కడ చేయాలో, ఏది డిలీట్ చేయకూడదో వేయండి.

ఇట్లు,
ఏడో తరగతి చదివే ఒకమ్మాయి తల్లి